పక్కింటి ఆవిడ కోళ్ళు

సెప్టెంబర్ 3

వదినా,

చేరాను. బస్సులో పక్క సీటావిడ దారి పొడుగునా నా భుజం మీద నిద్రపోయింది, అంతకు మించి విశేషం లేదు. హాస్టల్ గదిలో ముగ్గురం ఉన్నాం. కిటికీ పక్క మంచం కోసం ఆ ఇద్దరూ పోట్లాడుకుంటుంటే నేను గోడ పక్కది తీసేసుకున్నాను. ఫోన్ వార్డెన్ బల్ల మీద ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ మన మొహంలోకే చూస్తూ కూర్చుంటుంది. మన ఇంటి సంగతులు ఆవిడకెందుకు గానీ, ఉత్తరాలే రాసుకుందాం.

ఇక్కడ కళ్ళద్దాల పని నేర్పే గది పొడుగ్గా, చల్లగా ఉంటుంది. నీళ్ళు కారుతూ ఉండే చక్రానికి గాజు ఆనించి, ఫ్రేములో సరిగ్గా కూర్చునేలా అంచు అరగదీయాలి. చెయ్యి కాస్త బరువు పడిందా, పెళుక్కుమంటుంది. మొదటి రోజే మూడు పగలగొట్టాను. నలభై దాటి వచ్చినవాళ్ళు చెయ్యి నెమ్మదిగా పెడతారు, అది మంచిదే అన్నారు మాస్టారు. అది పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు. డిసెంబర్ మొదట్లో పరీక్ష. పైనుంచి వచ్చినవాళ్ళ ఎదురుగా ఒక జత అద్దాలు అరగదీసి బిగించి చూపించాలి. ఆ రోజు లేనివాళ్ళకి మళ్ళీ సీటు ఇవ్వరు.

ఇక నా కోళ్ళు. వెలుతురు పోకముందే గూట్లోకి తోలెయ్యి. నత్తిది అందరికంటే ఆఖరున వస్తుంది, దాన్ని కసరకు. గయ్యాళిది మిగతావాటిని పొడుస్తుంది, పొడవనీ. దొరసాని కాళ్ళు చాపుకుని ఎండలో పడుకుంటే చచ్చిపోయిందని కంగారు పడకు. పుంజు నిన్ను తరుముతుంది. నువ్వు పరిగెత్తావో, ఇక జన్మంతా తరుముతుంది.

వాటికి ఏమైనా అయితే ఒక్క ముక్క రాయి, తరవాతి బస్సు ఎక్కేస్తాను. ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో ఉండి నేను మీకు ఇచ్చింది ఆ గుడ్లే కదా. నవ్వకు, నిజంగానే అంటున్నాను.

అన్నయ్యకి చెప్పు, దుకాణంలో కూర్చుని భోజనం మర్చిపోవద్దని.

నీ మరదలు


సెప్టెంబర్ 20

మరదలు పిల్లా,

మేమంతా బాగున్నాం, నువ్వూ బాగుండాలి, ఇంకేం. స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చి పడింది. ముందు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎక్కడ చూసినా నీలం నిక్కర్లే. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే లేవడం లేదు, లేస్తే నడుం నిలబడడం లేదు.

నీ కోళ్ళు బాగున్నాయి. దీని తరవాత ఒక లైను కొట్టేశాను, వెలుతురుకి పట్టి చదవడానికి చూడకు. గుడ్లు కాస్త తగ్గాయి, నువ్వు లేవని బెంగేమో. పుంజు నన్ను తరిమింది. నేను పరిగెత్తాను. చెప్పకపోతే నీకెలా తెలుస్తుందిలే అనుకున్నాను గానీ ఎదురింటివాళ్ళందరూ చూశారు.

నీతో ఒక సలహా పని పడింది. నాకు కాదు. పక్కింటి ఆవిడ లేదూ, కోడిని చూస్తే కుర్చీ ఎక్కేది, ఆవిడ నిన్ను చూసి ముచ్చటపడి తనూ కోళ్ళు తెచ్చుకుంది. పాపం, అందులో ఒకటి మాయమైంది. రాత్రి గూట్లో పెట్టి తలుపు వేసిందట, పొద్దున చూస్తే ఒకటి తక్కువ. ఈక కూడా లేదు. గద్ద ఎత్తుకుపోయిందేమో అని నేనన్నాను, ఆవిడ భర్తేమో ఎవడో తాళం తీశాడంటాడు. వాళ్ళ గూడు సిమెంటు నేల. మనలాంటిది కాదు. నీకేమైనా తోస్తే రాయి, ఆవిడకి చెప్తాను.

మీ అన్నయ్య వరండాలో పడుకుంటున్నాడు. లోపల ఉక్కగా ఉందట.

వేళకి తిను. అద్దాలు పగలగొట్టినా చేతులు జాగ్రత్త.

నీ వదిన


అక్టోబర్ 1

వదినా,

ఆ పక్కింటి మహాతల్లికి కోళ్ళెందుకు? గద్ద రాత్రిపూట రాదని ఆవిడకి తెలియకపోతే నువ్వైనా చెప్పొద్దూ. నువ్వే గద్ద అన్నావంటే ఇంకేం చెప్పను. పొద్దున లెక్క చూసుకుని బాధపడేవాళ్ళు సాయంత్రమే ఒకసారి గూడు చుట్టూ తిరిగి చూసుకోవాలి. అంత అజాగ్రత్త మనుషులు కుండీలో మొక్క కూడా పెంచకూడదు. నా మాటగా చెప్పు, మొహమాటపడకు.

సిమెంటు నేలంటున్నావు కాబట్టి కిందనుంచి వచ్చే దారి లేదు. తలుపు వేసే ఉందంటున్నావు. ఇక మిగిలింది పైకప్పు. రేకుకీ గోడకీ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంటే చాలు, పిల్లి దూరుతుంది. అంతా మేకులు కొట్టించమను.

ఇక్కడ నా చెయ్యి కుదురుతోంది. ఈ వారం ఒక్కటే పగిలింది. మాస్టారు దాన్ని చూసి, పగలడం కూడా తిన్నగా పగిలిందే అన్నారు. రాత్రి గదిలో మిగతా ఇద్దరూ సినిమా కబుర్లు చెప్పుకుంటుంటే నేను కళ్ళు మూసుకుని గూటి తలుపు వేసినట్టు ఊహించుకుంటాను. అప్పుడే నిద్ర పడుతుంది.

ఒక మాట అడుగుతాను, విసుక్కోకు. ఈ వానలకి ఇక్కడ మేం దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాం. మనకీ ఇక్కడికీ చలిలో అంత తేడా ఉండదు. ఆ చలిలో అన్నయ్యకి లోపల ఉక్క పోయడమేమిటి? మీ ఇద్దరి మధ్యా ఏమైనా అయిందా? అన్నయ్య మాట పడడు, నువ్వు మాట వదలవు, నాకు తెలుసు. ఎవరో ఒకరు తగ్గండి.

నీ మరదలు


అక్టోబర్ 16

మరదలు పిల్లా,

నీ ఉత్తరం పక్కింటి ఆవిడకి చదివి వినిపించాను. కుండీలో మొక్క దగ్గర ఆవిడకి ఒళ్ళు మండింది. ఆవిడ సాయంత్రం గూడు చుట్టూ తిరుగుతూనే ఉందట. తెలియక ఏదో పోగొట్టుకున్నదాన్ని పట్టుకుని అంతేసి మాటలు అనాలా? ఆవిడకేమైనా పుట్టుకతో కోళ్ళ పెంపకం వచ్చా? వచ్చినవాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టే కదా ఆవిడ తంటాలు పడుతోంది. ఆవిడ తరపున చెప్తున్నాను, నాకేం లేదు.

అయినా నువ్వు చెప్పినట్టే ఆవిడ భర్త నిచ్చెన ఎక్కి కప్పంతా మేకులు కొట్టాడు. వేలి మీద కూడా ఒకటి కొట్టుకున్నాడు. ఇంత చేసినా ఇంకో రెండు పోయాయి. తాళం వేసింది వేసినట్టే ఉందట. ఆయన తలుపుకి ఇప్పుడు నాలుగు తాళాలు పెట్టాడు. తాళం తీయకుండా లోపలికి వెళ్ళినవాడెవడో దొరికితే నా దుకాణం వాడికి రాసిచ్చేస్తానంటున్నాడు. దుకాణమంటే ఆయనకీ ఏదో దుకాణం ఉంది.

మన కోళ్ళకి నేను చొక్కాలు కుట్టాను. కర్టెన్ల గుడ్డ మిగిలితే పారెయ్యడం ఎందుకని, చలికి బావుంటాయని. రెక్కల కింద నుంచి తాడు పోనిచ్చి కట్టాను. వీపు మీద నల్ల గుడ్డతో రెండేసి కళ్ళు కూడా కుట్టాను. తొడిగిన మొదటి రోజు ఒకదాన్ని చూసి ఒకటి దడుచుకుని చెరో మూలకి పారిపోయాయి. పుంజు గోడెక్కి కూర్చుంది, దిగదే. ఇప్పుడు అలవాటు పడ్డాయి. కొలతల్లో మాత్రం వంక పెట్టలేవు.

మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే నీకు చెప్పకుండా ఉంటానా, నా పక్షాన నిలబడేది నువ్వు తప్ప ఎవరున్నారు? ఆయన ఇంకా వరండాలోనే పడుకుంటున్నాడు. ఆయన ఇష్టం. ఆ సంగతి మళ్ళీ అడగకు.

పరీక్ష మీద దృష్టి పెట్టు.

నీ వదిన


నవంబర్ 2

వదినా,

చలికి కళ్ళెందుకు వదినా?

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇదే ఆలోచన. నువ్వు యూనిఫారాలు కుట్టడానికే తీరిక లేదంటావు, కోళ్ళకి చొక్కాలు కుడతావు. అన్నయ్య చలిలో బయట పడుకుంటాడు, అడగొద్దంటావు. గుడ్లు తగ్గాయంటావు. రెండు ఉత్తరాల్లో నత్తిదాని ఊసు గానీ దొరసాని ఊసు గానీ లేదు. పక్కింటి ఆవిడ కోళ్ళ గురించి మాత్రం పేజీలు పేజీలు రాస్తావు. ఇంట్లో మాట్లాడుకోడానికి మనిషి లేనప్పుడే ఎవరైనా ఇలా పక్కింటి సంగతులు పట్టించుకుంటారు.

నాకు అర్థమైంది. గొడవ నా గురించే. కోళ్ళ చాకిరీ నీ మీద పడింది, అన్నయ్య నన్ను వెనకేసుకొచ్చి ఉంటాడు, నువ్వు ఏదో అని ఉంటావు. అనడంలో నీ తప్పేమీ లేదు. నేనే బుద్ధి లేకుండా నా బరువు నీ నెత్తిన పెట్టి వచ్చాను. ఒక్క మనిషికి చోటిచ్చారు చాలదూ, వెనకాల ఇన్ని కోళ్ళు కూడానా.

శనివారం బస్సుకి వచ్చేస్తాను. మాస్టారికి రేపు చెప్తాను. పరీక్ష పోతే పోయింది. ఈ వయసులో నాకు సర్టిఫికెట్టు లేకపోతే ఎవరికి ఏం లోటు? అన్నయ్యని లోపల పడుకోమను.

నీ మరదలు


నవంబర్ 5

పిచ్చిమొహమా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. సాయంత్రానికల్లా నీకు అందాలి. అందగానే మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఏదైనా వాగి ఉంటే వెనక్కి తీసుకో.

పక్కింటి ఆవిడకి కోళ్ళు లేవు. ఆవిడ ఇప్పటికీ కోడిని చూస్తే కుర్చీ ఎక్కుతుంది. పోయినవన్నీ నీవే. ముందు నత్తిది పోయింది, నువ్వు వెళ్ళిన రెండో వారంలోనే. తరవాత గయ్యాళిదీ దొరసానీ ఒక్క రాత్రే పోయాయి. నాలుగు తాళాలు పెట్టింది మీ అన్నయ్య. వేలి మీద మేకు కొట్టుకున్నదీ ఆయనే. వరండాలో పడుకుంటున్నది కాపలాకి. తలుపుకి ఎదురుగా మంచం వేసుకుని, టార్చిలైటు గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు. పొద్దున లేచి నాలుగు తాళాలూ తీస్తాడు, లోపల ఇంకేది తక్కువైందోనని లెక్కపెడతాడు. ఆ మొహం చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. కళ్ళ చొక్కాలు గద్ద బెదురుతుందని కుట్టాను. నువ్వు గద్ద రాత్రిపూట రాదని రాసేసరికి అవి సగం పైగా కుట్టేశాను. కుట్టినవి విప్పడం నా వల్ల కాదు, నీకు తెలుసు.

ఎందుకు దాచామంటే, ఒక్క ముక్క రాస్తే బస్సెక్కుతానన్నావు. ఎక్కేదానివే. నువ్వు ఆ పరీక్ష రాయాలి. నీకు చెప్పకూడదు, కోళ్ళు బతకాలి, ఈ రెండూ ఎలా కుదురుతాయో తెలియక పక్కింటి ఆవిడని అడ్డం పెట్టుకున్నాను.

మేం పోట్లాడుకోలేదు. నీ గురించి అసలే లేదు. నన్ను ఎంత తిడతావో తిట్టు, కానీ అక్కడే ఉండి తిట్టు.

నీ వదిన


నవంబర్ 7

వదినా,

డ్రైవరు హాస్టల్ గేటు దగ్గర హారన్ కొట్టి మరీ ఉత్తరం ఇచ్చాడు. వార్డెన్ నాకేదో ప్రేమలేఖ వచ్చిందనుకుంది. శనివారం బస్సు ఎక్కలేదు. మాస్టారికి చెప్పబోతుంటే ఆయనే ముందు నా చేతిలో గాజు ముక్క పెట్టారు, చెప్పడం కుదరలేదు.

ముందు తిట్టడం పూర్తిచేస్తాను. మన గూడుది మట్టి నేల. నువ్వు సిమెంటు నేల అని రాశావు. ఎందుకు రాశావు? మట్టి అంటే మనదేనని కనిపెడతానని. ఆ ఒక్క ముక్క మార్చకుండా ఉంటే, నేను మొదటి జవాబులోనే చెప్పేదాన్ని, కిందనుంచి తవ్వుకుని వస్తోందని. నీ సిమెంటు నన్ను పైకప్పు ఎక్కించింది. గయ్యాళిదీ దొరసానీ ఆ సిమెంటు వల్లే పోయాయి.

నక్క అయి ఉంటుంది. గూడు వెనకాల గోడకి పాత రేకు ఒకటి ఆనించి ఉంది, దాన్ని పక్కకి లాగి చూడు. అక్కడ కన్నం లేకపోతే నన్ను అడుగు. అన్నయ్య తలుపుకి ఎదురుగా పడుకుంటే అది వెనకనుంచి వచ్చి వెనకనుంచే పోతోంది. తాళాలు అమ్ముకునే మనిషి, ఆయనకి తాళాలు తీసే దొంగలే తెలుసు పాపం.

కన్నం పూడ్చినంత మాత్రాన చాలదు, పక్కన ఇంకోటి తవ్వుతుంది. గట్టి ఇనప జాలీ తెప్పించు. దాన్ని గోడ అడుగున బిగించి, అక్కడినుంచి బయటివైపు చాప పరిచినట్టు నేల మీద పరవాలి. ఒక మనిషి పడుకునేంత వెడల్పు అక్కర్లేదు, చెయ్యి చాపినంత చాలు. మీద మట్టి కప్పి రాళ్ళు పెట్టండి. నక్క గోడ మొదట్లోనే తవ్వుతుంది. గోళ్ళకి ఇనుము తగిలితే వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. చుట్టూ వేయాలి, వెనకాల ఒక్కవైపే కాదు.

ఇప్పుడు అసలు మాట. నీ మీద కోపం లేదు. నా మీదే ఉంది. మీరిద్దరూ చలిలో పడుకుని, చొక్కాలు కుట్టి, అబద్ధాలాడి నా కోళ్ళని కాశారు. నేను అక్కడ లేను. వదినా, అవి ఉన్నంతకాలం నా తిండి నేను తింటున్నానని ధైర్యంగా ఉండేది. పొద్దున్నే గుడ్లు తెచ్చి నీ వంటింటి గట్టు మీద పెట్టినప్పుడు, ఆ రోజుకి నా వంతు అయిపోయిందనిపించేది. అవే పోతే ఆ ఇంట్లో ఏమని కూర్చోను? నక్క మళ్ళీ వచ్చిందంటే ఈసారి దాచకు. వచ్చేస్తాను. నాకు పరీక్ష కన్నా అవే ముఖ్యం.

నీ మరదలు


నవంబర్ 24

అమ్మాయ్,

రేకు లాగాం. కన్నం ఉంది, లోపల గుడ్లు పెట్టే గడ్డి కింద తేలింది. మీ అన్నయ్య దాని ముందు గొంతుక్కూర్చుని చెయ్యి దూర్చి చూశాడు. తరవాత లేచి, తలుపుకున్న నాలుగు తాళాల్లో మూడు తీసి దుకాణానికి తీసుకెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. నువ్వు చెప్పినట్టే జాలీ తెచ్చి చుట్టూ పరిచాం. మట్టి కప్పాం, రాళ్ళు మోశాం. నా నడుం సంగతి అడగకు.

నక్క మళ్ళీ వచ్చింది. దాచొద్దన్నావు, రాస్తున్నాను. మొన్న పొద్దున చూస్తే గోడ మొదట్లో మూడు చోట్ల గీరి ఉంది. మూడు చోట్లా జాలీ బయటపడింది. అక్కడితో ఆగి పోయింది. నాలుగు పెట్టలూ పుంజూ లోపల క్షేమం. అయినా అది రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. ఇదంతా రాశాక కూడా చెప్తున్నాను, నువ్వు రాకు.

ఏమని కూర్చోను అని అడిగావు. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదువుతూ అక్కడికొచ్చేసరికి చదవడం ఆపేశాను. ఆయన కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు. ఇప్పుడు నేను చెప్పేది విని నొచ్చుకోకు. కోళ్ళ కంపు నాకు మొదటి నుంచీ పడదు. కిటికీ మూసుకుని మిషను తొక్కుతాను. మీ అన్నయ్యకి గుడ్డు వాసనంటే గిట్టదు, చిన్నప్పుడు కూడా తినేవాడు కాదట, నువ్వెలా మర్చిపోయావో. నువ్వు పొద్దున్నే గట్టు మీద పెట్టిన గుడ్లు చూసి ఆయన నా వంక చూసేవాడు, నేను ఆయన వంక చూసేదాన్ని, తరవాత ఇద్దరం కూర్చుని తినేవాళ్ళం. నువ్వు వాటిని తెస్తూ అంత సంతోషంగా ఉండేదానివి. వద్దనడానికి మాకు నోరు రాలేదు.

అత్తయ్య పోయాక నువ్వు ఒక పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి, కొన్నాళ్ళు ఉంటాను వదినా అన్నావు. నాకు ఆ రోజు ఎంత హాయిగా అనిపించిందో నీకెప్పుడూ చెప్పలేదు. పిల్లలు లేని ఇల్లు, ఆయన దుకాణంలో, నేను మిషను దగ్గర. పగలంతా ఎవరైనా ఒక మాట అంటే బాగుండునని ఉండేది. నువ్వొచ్చావు, పొద్దున లేస్తే తగాదాకి మనిషి దొరికింది. గుడ్ల కోసం నిన్ను ఉంచుకున్నామని నువ్వు అనుకుంటున్నావని తెలిసుంటే, ఆ గూడు నేనే పీకించేసేదాన్ని.

కాబట్టి మేం ఒక నిర్ణయానికి వచ్చాం. పరీక్ష ముందురోజు బస్సుకి మేమిద్దరం అక్కడికి వస్తున్నాం. ఆయన దుకాణం మూస్తాడు. యూనిఫారాలవాళ్ళకి వారం ఆగమని చెప్పేశాను, గొడవ చేశారు, చేయనీ. పక్కింటి ఆవిడకి జరిగినదంతా చెప్పాను, ఆవిడ పేరు మీద నేనాడిన అబద్ధాలు కూడా. కుండీలో మొక్క దగ్గర ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది, తరవాత నవ్వేసింది. రెండు పూటలూ గూటి తలుపు వేసి తీస్తానని ఒప్పుకుంది, దూరంగా నిలబడి కర్రతో. కర్రతో తలుపు ఎలా వేస్తుందో నాకు తెలియదు. వేయడం మర్చిపోతే నక్క వస్తుంది. వస్తే కోళ్ళు పోతాయి. పోతే పోనీ. ఉన్న ఒక్క మరదలి పరీక్షకి వెళ్ళకుండా ఇక్కడ కూర్చుని కోళ్ళని కాసే ఓపిక మాకు లేదు.

మీ వార్డెన్ మగవాళ్ళని లోపలికి రానివ్వదంటే మీ అన్నయ్య గేటు బయట ఉంటాడట. ఎంతసేపైనా ఉంటాడు, అలవాటైంది. నేను లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడతాను. మమ్మల్ని చూసి తొందరపడకు. నెమ్మదిగా అరగదీయి, పగిలితే పగిలింది, ఇంకోటి అడుగు.

నీ వదిన

ఇది మీ అన్నయ్య రాస్తున్నది: గుడ్లు నాకు మరీ అంత చేదేం కాదు. మీ వదిన ఎక్కువ చేసి చెప్తుంది. నువ్వు తెచ్చినవి బాగానే ఉండేవి.